మనుషుల ఫ్యాను

షాపులో ఉన్న ఒక్క స్టాండు ఫ్యానూ రిపేరుకి పోయిన రోజునే షాపు యజమానురాలు షాపక్కకి భయం పట్టుకుంది.

అది కంప్యూటర్ విడిభాగాల షాపు. వెడల్పు తక్కువ, పొడవు ఎక్కువ, రైలు పెట్టెలా ఉంటుంది. ముందు గాజు బల్ల, దాని వెనక అక్క కుర్చీ, ఆ వెనక మరిది పనిచేసే చెక్క బల్ల, ఇంకా వెనక్కి పోతే కప్పు దాకా పేర్చిన అట్టపెట్టెలు. గాలి రావడానికి ముందు తలుపొక్కటే దారి. అందుకని స్టాండు ఫ్యాను అక్క కుర్చీ పక్కన పెట్టి, మరిదికి కూడా తగిలేలా కాస్త వెనక్కి తిప్పి ఉంచేవారు. ఆ ఫ్యాను తల ఊపడం ఎప్పుడో మానేసింది. ఇప్పుడు తిరగడం కూడా మానేస్తే పొద్దున్నే రిక్షాలో వేసి పంపారు.

మధ్యాహ్నం మరిది ఒక కంప్యూటరు ఆటల పిచ్చాయన కోసం మెషీను బిగించాడు. ఆయనకి ఓవర్‌క్లాకింగ్ కావాలి. అంటే ప్రాసెసర్‌ని కంపెనీ పెట్టిన వేగం కంటే ఇంకాస్త లాగి పరిగెత్తించడం. బండి లాగే ఎద్దుని పందెంలో దింపినట్టే అనుకోవచ్చు. ఎద్దుకి బలముంటే చాలదు, కాడి కూడా ఆగాలి. ఆ కాడి మదర్‌బోర్డు. షాపులో ఒక పద్ధతుంది. వేగం పెంచిన ఏ మెషీనయినా బల్ల మీద మూత లేకుండా పెట్టి, దాని మీద పూర్తి పని బరువు మోపి, టీ తెప్పించుకుని తాగి గ్లాసులు వెనక్కి ఇచ్చేదాకా నడిపిస్తారు. అప్పటికీ ఆగకుండా నడిస్తే పాసయినట్టు.

ఆ రోజు టీ ఇంకా రాలేదు. వాసన ముందొచ్చింది.

తెర నల్లబడింది. మరిది బోర్డు మీదికి వంగి, ప్రాసెసర్ పక్కన వరసగా ఉండే నల్లటి చిన్న చదరాల మీద వేలు పెట్టి, వెంటనే తీసి నోట్లో పెట్టుకున్నాడు. కరెంటుని మెత్తబరిచి ప్రాసెసర్‌కి అందించేవి ఆ చదరాలే. వాటి పైన మెరిసే ముసుగొకటి ఉంది. మరిది స్క్రూడ్రైవరు కొనతో ఆ ముసుగుని ఎత్తాడు. పైనా కిందా ప్లాస్టిక్కే. వేడిని లాక్కునే లోహం పిసరంత లేదు.

“తెర మీద వేడి చూపించలేదా?” అంది షాపక్క.

“చూపించింది వదినా. మామూలుగానే ఉంది. కానీ అది ప్రాసెసర్ వేడి. వీటి వేడి చెప్పే నోరు ఈ రకం బోర్డుకి లేదు.”

“మరి మొన్నామధ్య ఇదే రకం బోర్డు ఎలా పాసయింది? ఇదే బల్ల, ఇదే పరీక్ష.”

మరిది తల తిప్పాడు. ఆమె కుర్చీ పక్కన ఖాళీ జాగా వైపు చూశాడు. ఆమె కూడా చూసింది. ఫ్యాను కాలు ఉన్నచోట నేల మీద గుండ్రంగా శుభ్రంగా ఉంది, చుట్టూ దుమ్ము.

మొన్న పాసయింది బోర్డు కాదు, ఫ్యాను. మనుషులకని పెట్టిన గాలి మనుషుల మీదుగా పోయి బోర్డుని కాచింది. ఆ సంగతి లెక్కలో ఎవరూ వేసుకోలేదు.

ఆ రకం బోర్డులు ఆఫీసులకి టైపు పనికి చాలానే పోయాయి. అక్కడ వాటికి ఏ బాధా లేదు, కంపెనీ పెట్టిన వేగం మీదే నడుస్తాయి. వేగం పెంచి ఇచ్చింది ఒక్కటే. అది బొమ్మలాయనకి.

బొమ్మలాయన ఇంకా కట్టని ఇళ్ళకి బొమ్మలు చేస్తాడు. పునాది కూడా తియ్యని ఇంట్లో సోఫా మీద ఎండ ఎలా పడుతుందో కంప్యూటర్లో చూపిస్తాడు. ఆ ఎండని ప్రతి గోడ మీదా, ప్రతి గిన్నె మీదా లెక్క కట్టడానికి మెషీను గంటల తరబడి ఊపిరి బిగబట్టి పనిచెయ్యాలి. ఆటల్లో అయితే నడుమ నడుమ ఆగి దమ్ము తీసుకుంటుంది. ఈ పనిలో దమ్ము లేదు. కొనడానికి వచ్చిన రోజు ఆయన రెండు బోర్డులు చెరో చేతిలో పట్టుకుని చాలాసేపు తూచాడు. ఒకటి బరువుగా ఉంది, ఒకటి తేలిగ్గా ఉంది. “నా పనికి ఈ తేలికది ఆగుతుందా అక్కా?” అని అడిగాడు. ఆ తేలిక బోర్డులు అప్పటికే అలమరలో దుమ్ము పట్టి ఉన్నాయి. షాపుకి సరుకు వేసినవాడు వెనక్కి తీసుకోనన్నాడు. నిలవ సరుకు ముందు నిలబడ్డ వ్యాపారికి నోరు దానంతట అదే తీపెక్కుతుంది. “నీకు ఇది చాలు తమ్ముడూ,” అంది.

పోతూ పోతూ ఆయన ఇంకోమాట అడిగాడు. చప్పుడు ఎక్కువ వస్తుందా అని. పాప మంచం పక్కనే పెట్టుకోవాలట, ఇంట్లో వేరే చోటు లేదట.

ఆ మాట ఇప్పుడు గుర్తొచ్చి షాపక్క ఆయన నంబరు వెతికింది.

ఫోను చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. మరిది మాడిన బోర్డుని పెట్టెలో పెట్టి, పెట్టెని బల్ల కిందికి తోసి, కంగారు పడకు వదినా అన్నాడు. బోర్డు మాడితే మెషీను ఆగుతుందే గాని కొంపలంటుకోవడం అరుదన్నాడు. అది ఆమెకీ తెలుసు. కానీ అరుదు అనే మాటని నమ్ముకుని వ్యాపారం చేసినవాళ్ళు బజార్లో ఎవరూ మిగల్లేదు.

“అయినా సీలు ఉందిగా,” అన్నాడు మరిది, ఈసారి గొంతు తగ్గించి.

ప్రతి మెషీను పక్క మూత అంచు మీద షాపక్క సంతకం చేసిన చీటీ ఒకటి అంటిస్తుంది. అంటిస్తూ ప్రతివాళ్ళకీ ఒకే మాట చెబుతుంది: ఇది తెగితే నన్నడగొద్దు. బొమ్మలాయనకి కూడా చెప్పింది.

“ఈపాటికి విప్పే ఉంటాడు వదినా. విప్పాడంటే మనకి సంబంధం లేదు. మనమే వెళ్ళి బోర్డు మంచిది కాదని చెబితే రేపు బజారంతా మన గుమ్మంలోనే ఉంటుంది.”

ఆమె జవాబు చెప్పేలోగా వీధిలో ఫైరింజను గంట వినబడింది. ఇద్దరూ మాట ఆపేశారు. మరిది చేతిలో స్క్రూ పడిపోతే వంగి తియ్యలేదు. గంట దగ్గరకొచ్చి, షాపు ముందునించి పోయి, కూడలిలో మార్కెట్టు వైపు తిరిగింది. బొమ్మలాయన ఇల్లు అటు కాదు. షాపక్క కుర్చీలో కూలబడి కొంగుతో మెడ తుడుచుకుంది. ఆ పైన మరిది సీలు ఊసెత్తలేదు.

మర్నాడు బొమ్మలాయన ఫోనెత్తాడు. ఆమె ఇంకా ఏమీ అడక్కముందే, “బ్రహ్మాండంగా ఉందక్కా, బ్రహ్మాండంగా ఉంది,” అన్నాడు.

షాపక్క ఊపిరి పీల్చుకోబోయి ఆగింది. ఒకసారి మెషీను తెచ్చి ఇమ్మని, డబ్బేమీ తీసుకోకుండా ఊరికే శుభ్రం చేసి పంపిస్తానని చెప్పింది.

“వద్దక్కా. అసలు ముట్టుకోవాల్సిన పనే లేదు.” ఫోను పెట్టేశాడు.

ఊరికే ఇస్తానంటే వద్దనే కస్టమరుని ఆమె తన సర్వీసులో చూడలేదు. ఇచ్చిన కవరు చాలక ఇంకో కవరు అడిగి పట్టుకెళ్ళే జాతి అది. ఆ రోజంతా బేరాలు తప్పుతూనే ఉన్నాయి. ఒకాయన కీబోర్డు అడిగితే మౌసు తీసి ఇచ్చింది. ఎవరైనా వేగంగా లోపలికి వస్తే బల్ల అంచు పట్టుకుంది. ఎదురు హోటల్లో పెనం మాడితే లేచి నిలబడింది.

ఆ మర్నాడు భోజనాల వేళకి షాపు మరిదికి అప్పగించి బయల్దేరింది. సంచిలో స్క్రూడ్రైవర్లు, ప్రాసెసర్ వేడి లాగడానికి రాసే పేస్టు గొట్టం వేసుకుంది. బరువు బోర్డు పెట్టె అలమరలోంచి తీసి సంచిలో పెట్టింది. గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కొచ్చి తీసి బల్ల మీద పెట్టింది. మరిది తలెత్తకుండా ఏదో తుడుస్తున్నాడు. మళ్ళీ తీసి సంచిలో వేసుకుంది. వేసుకున్నంత మాత్రాన ఇవ్వాలని లేదుగా అని తనకి తాను చెప్పుకుంది. ముందు చూసి వద్దాం. బాగుంటే బాగున్నట్టే.

ఆ ఇల్లు మూడో అంతస్తు. మెట్లెక్కుతూ ప్రతి మలుపులోనూ ఆగి ముక్కు ఎగబీల్చింది. మొదటి అంతస్తులో పోపు మాడిన వాసన. రెండోదాంట్లో ఇస్త్రీ వాసన. ఒక్కోటీ అది కాదని తేల్చుకుని పైకెక్కింది. మూడో అంతస్తులో ఏ వాసనా లేదు. అదేమిటోగాని అక్కడే భయం ఎక్కువైంది.

తలుపు కొట్టింది. లోపల ఏదో రేకు గభాలున మూసిన చప్పుడు. కొంతసేపటికి తలుపు జానెడు తెరుచుకుంది. బొమ్మలాయన మొహం నిండా చెమటలు కారుతున్నాయి.

“అక్కా, మీరా! పాప పడుకుంది.”

“పడుకోనీ. ఇటువైపు వచ్చాను. గుక్కెడు మంచినీళ్ళియ్యి.”

నీళ్ళడిగిన మనిషిని గుమ్మంలో నిలబెట్టడం ఎవరివల్లా కాదు. ఆయన తలుపు తీశాడు.

ఒకే గది. అడ్డంగా తెర కట్టి రెండు చేశారు. ఎదురుగా ఎవరో మేడ కడుతున్నారు కాబట్టి దుమ్ము రాకుండా కిటికీలు బిగించి ఉన్నాయి. మంచం, మంచానికి ఆనించి ఎత్తుపీట మీద మెషీను. పక్క మూతకి మరలు లేవు, అవి దుప్పటి మీద చెల్లాచెదురుగా ఉన్నాయి. ఆమె సంతకం చేసిన చీటీ చిరిగిపోయి, పైన పారదర్శకంగా ఉండే టేపుతో అతికించి, వంకరగా ఉంది. కంప్యూటరు తెర మీద ఒక ఇంటి బొమ్మ అంగుళం అంగుళంగా వెలుతురు పోసుకుంటోంది.

షాపక్క ఇవేవీ ముందు చూడలేదు. ఆమె ముందు చూసింది ఫ్యానుని. నాలుగు లావు పుస్తకాల మీద ఒక బల్ల ఫ్యాను పెట్టి ఉంది. దాని మొహం మెషీను వైపు ఉంది. మంచం మీద రెండేళ్ళ పాప బోర్లా పడుకుని ఉంది. గౌను వీపుకి అంటుకుపోయింది. నుదుటి మీద జుట్టు తడిసి పాయలుగా అతుక్కుంది. పై పెదవి మీద చెమట బొట్లు. నిద్రలోనే మొహం అటూ ఇటూ రాస్తోంది, చల్లటి చోటు కోసం.

మంటల గురించి భయపడుతూ మూడంతస్తులు ఎక్కింది. దీని గురించి భయపడాలని ఆమెకి తట్టనే లేదు.

నీళ్ళ గ్లాసు తెచ్చిన బొమ్మలాయన ఆమె చూపు సీలు మీదే ఉందనుకున్నాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, అడక్కుండానే అన్నీ చెప్పేశాడు. కొన్ని రోజులకే తెర నల్లబడటం మొదలైందట. మూత తీసి చూశాడట. గాలి తగిలితే ఆగకుండా నడుస్తోందని కనిపెట్టాడట. దానికి ముందు, పని తొందరలో, వేగాన్ని షాపులో పెట్టినదాని మీద ఇంకో మెట్టు తనే ఎక్కించాడట. అందువల్లే పాడయిందట. సీలు తెగితే అడగొద్దన్నారు కాబట్టి ఆమె ఫోను చూస్తేనే వణుకు పుట్టేదట. రేపటికి ఈ బొమ్మ అందకపోతే కొనేవాళ్ళకి చూపించే బొమ్మలకి బిల్డరు ఇంకొకళ్ళని చూసుకుంటాడట.

“తప్పు నాదే అక్కా,” అన్నాడు.

షాపక్క నీళ్ళు తాగింది. గ్లాసు ఖాళీ అయ్యాక కూడా దించలేదు. రెండు రోజులుగా ఈమె ఆయనకి భయపడుతోంది, ఆయన ఈమెకి భయపడుతున్నాడు. తేలు కుట్టిన దొంగలు ఇద్దరు, ఒకరికి తెలియకుండా ఒకరు. ఇప్పుడు ఒక దొంగ తనంతట తనే చేతులెత్తాడు. ఆమె ఏమీ చెప్పనక్కర్లేదు. అబద్ధం ఆడనక్కర్లేదు. “సరేలే, ఇకమీదట ఇలా చెయ్యకు,” అంటే చాలు. సంచిలో బోర్డు సంచిలోనే ఉంటుంది. మెట్లు దిగి వెళ్ళిపోవచ్చు. ఇంత తేలిగ్గా కుదిరే బేరం ఏ వ్యాపారికీ రాదు.

గ్లాసు దించి, ఆ మాట కోసమే నోరు తెరిచింది కూడా.

అప్పుడే తలుపు తోసుకుని ఆయన భార్య వచ్చింది. ఆసుపత్రిలో నర్సు, డ్యూటీ దిగి వస్తోంది. కొత్త మనిషిని చూసి తల వంచి పలకరించింది. చెప్పులు విప్పి, సంచి దించి, చేతులు కడుక్కుని, పాప వీపు మీద అరచెయ్యి పెట్టి చూసి, ఫ్యానుని పాప వైపు తిప్పింది. రోజూ చేసే పని కాబట్టి చూడకుండానే చేసింది.

“మళ్ళీ మెషీను వైపు తిప్పారా?” అంది, గట్టిగా కాదు.

“ఇంక కాస్తే ఉంది,” అన్నాడు బొమ్మలాయన. ఆయన చెయ్యి ఫ్యాను మీదికి పోయింది.

“అలాగే ఉండనీ,” అంది షాపక్క.

ముగ్గురూ నిలబడి చూశారు. పాప జుట్టు కాస్త కదిలింది. నిద్రలోనే వెల్లకిలా తిరిగి కాళ్ళు చాపుకుంది. తెర మీద ఇంటి బొమ్మలో ముందుగది దాకా ఎండ వచ్చింది. సోఫా మీద పడింది. వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చేసరికి వాసన మొదలైంది. రెండు రోజులుగా ఆమె ముక్కులో ఉన్న వాసనే. షాపక్క గబగబా మంచం చుట్టూ తిరిగి స్విచ్చి కట్టేసి, ప్లగ్గు లాగేసింది.

“నువ్వు మెట్టు ఎక్కించకపోయినా ఇది మాడేదే,” అంది. “బోర్డు నీ పనికి ఆగదు. ఆగుతుందని చెప్పింది నేను.”

“మీరు పెద్దమనసుతో అంటున్నారక్కా—”

“నా మనసు సంగతి నాకు తెలుసు. విను.” ఫ్యాను సంగతి చెప్పింది. షాపులో పరీక్ష సంగతి, ఫ్యాను రిపేరుకి పోయిన సంగతి, బల్ల కింద పెట్టెలో ఉన్న మాడిన బోర్డు సంగతి. తేలిక బోర్డు అలమరలో ఎందుకుందో కూడా చెప్పింది.

బొమ్మలాయన తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు, నమ్మకుండా. భార్య మాత్రం వింది.

“మీకు అప్పుడు తెలుసా?” అని అడిగింది.

“తెలీదు. తెలుసుకోలేదు.”

“పాప పక్కన పెడతామని ఈయన చెప్పారా?”

“చెప్పాడు.”

ఆవిడ తల ఊపింది. తువాలు తడిపి తెచ్చి పాప మెడ తుడుస్తూ కూర్చుంది. నాలుగు మాటలు తిట్టి ఉంటే షాపక్కకి తేలికయ్యేది. తిట్టు తీసుకుని సంచిలో వేసుకుని పోవచ్చు. ఆ తల ఊపుని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

నేల మీద దుప్పటి పరిచి పని మొదలుపెట్టింది. తీగలు ఒక్కొక్కటీ ఊడదీసి ఏది ఎక్కడిదో బొమ్మలాయన చేత పట్టించింది. ప్రాసెసర్ మీద ఎండిన పేస్టుని గుడ్డతో తుడిచింది. ప్రాసెసర్‌ని అంచులు పట్టుకుని ఎత్తి, మూల మీద గుర్తు చూసుకుని, బరువు బోర్డులో కూర్చోబెట్టింది. నొక్కలేదు, దాని బరువుకి అదే దిగింది. కొత్త పేస్టు బియ్యపు గింజంత. ఈ బోర్డు మీద నల్ల చదరాలకి ముసుగు లేదు, వేలెడు మందం లోహపు దిమ్మ ఉంది. పాత బోర్డుని తిరగేసి చూస్తే వెనక వైపు అరచేతి వెడల్పున గోధుమరంగు మచ్చ. భార్యాభర్తలిద్దరూ వంగి చూశారు. బొమ్మలాయన అప్పటికి తల ఊపడం ఆపాడు.

“ఇప్పుడు పరీక్ష,” అంది షాపక్క. వేగం తను ముందు పెట్టినంతే పెట్టింది, ఆయన ఎక్కించిన మెట్టు తీసేసింది. పక్క మూత బిగించింది. కిటికీలు తియ్యనివ్వలేదు. ఫ్యాను పాప మీదే ఉంచింది. ఇంటి బొమ్మ మళ్ళీ మొదటి నించీ మొదలైంది.

కూర్చున్నారు. గదిలో గాలాడటం లేదు. ఆమె జాకెట్టు తడిసిపోయింది. ముందుగదిలోకి ఎండ వచ్చేదాకా ఆమె బొమ్మ మీంచి కళ్ళు తిప్పలేదు. వంటింటి గుమ్మం దగ్గర బొమ్మ కాసేపు ఆగినట్టనిపించి ప్లగ్గు మీద చెయ్యి వేసింది. ఆగలేదు. వంటింట్లోకి వెలుతురు పోయి గిన్నెల మీద పడింది. ఆమె మరలు విప్పి మూత కాస్త తప్పించి, లోహపు దిమ్మ మీద వేలు పెట్టింది. వెచ్చగా ఉంది, అంతే. తీసి మళ్ళీ పెట్టింది. నర్సు కూడా లేచి వచ్చి, అడక్కుండా తన వేలు పెట్టి చూసింది. కాసేపు అలాగే ఉంచి, “సరే,” అంది.

బొమ్మలాయన కొత్త సీలు వెయ్యమన్నాడు. చీటీల చుట్ట సంచిలోనే ఉంది. షాపక్క సంచి మూతి కట్టేసింది.

“వాసనొస్తే మూత తీసి చూడాలిగా,” అంది. “చూసి నాకు ఫోను చెయ్యి.”

ఫ్యాను బాగై వచ్చిన రోజున షాపుకి ఒక పెద్దమనిషి వచ్చాడు. బిల్డరు దగ్గర లెక్కలు చూసేవాడు. బొమ్మలాయన పంపాడట. తప్పు ఆయనదైనా, సీలు తెంపినా, ఇంటికొచ్చి మరీ బోర్డు మార్చిన మహాతల్లి అని ఆఫీసంతా చెప్పుకుంటున్నారట. మరిది నవ్వాపుకోలేక అట్టపెట్టెల వెనక్కి పోయాడు. షాపక్క అది నిజం కాదని చెప్పబోయింది. ఆయన వినే రకం కాదు. నిజం చెబితే మంచితనం కింద జమ వేసుకునే లోకంలో అమ్మేవాళ్ళు ఏం చెయ్యగలరు?

ఆయన గాజు బల్ల మీదికి వంగి, మెరిసే ముసుగున్న తేలిక బోర్డు మీద వేలు పెట్టాడు. ఇది చాలదా నాకు, వేగం కాస్త పెంచి ఇయ్యండి అన్నాడు.

షాపక్క ఆయన ఏం పని చేస్తాడో అడిగింది. ఏ గదిలో పెడతాడో అడిగింది. ఆ గదిలో ఎవరు పడుకుంటారో అడిగింది. కంప్యూటరు కొనడానికి వస్తే పెళ్ళిచూపుల్లా ఈ ప్రశ్నలేమిటన్నాడాయన. తేలిక బోర్డు కావాలంటే మామూలు వేగం మీదే ఇస్తాననీ, పెంచాలంటే బరువుగా ఉన్న రెండోదే అనీ ఆమె చెప్పింది. ఆయన గొణిగి గొణిగి రెండోదానికి ఒప్పుకున్నాడు.

మరిది మెషీను బిగించి బల్ల మీద పెట్టి, అలవాటు చొప్పున ఫ్యాను స్విచ్చి వేశాడు. షాపక్క లేచి ఆపేసింది. మూత కూడా బిగించమంది. షాపు కొలిమిలా ఉంది. మరిది చొక్కా గుండీలు రెండు విప్పుకున్నాడు. ఆమె కుర్చీ బల్ల దగ్గరికి లాక్కుని, చెవి మెషీను వైపు పెట్టి, ముక్కు ఎగబీలుస్తూ కూర్చుంది. టీ వచ్చింది. ఎవరూ ముట్టుకోలేదు.

“ఫ్యాను పనిచెయ్యట్లేదామ్మా?” అన్నాడు పెద్దమనిషి, చెమట తుడుచుకుంటూ.

“పనిచేస్తుందండీ.”

ఆయనకి ఏమీ అర్థం కాలేదు. బల్ల మీద ఖాళీ అట్టపెట్టె మూత కనబడితే తీసుకుని టపటపా విసురుకోవడం మొదలుపెట్టాడు.

షాపక్క మెషీను మీంచి చూపు తిప్పకుండానే అంది:

“కాస్త అటు తిరిగి విసురుకోండి బాబాయ్ గారూ.”